మాసూళ్ళయినాక

సింగణ్ణి నోరులేని జంతువని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఏడు మా ఇంట్లో నిజం చెప్పింది వాడొక్కడే. నోరున్నవాళ్ళం మేం ఏం చెప్పామో ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. నన్ను మంచిదాన్ని అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది విన్నాక ఏమనుకుంటారో వాళ్ళ ఇష్టం.

అరవై మూడో సంవత్సరం, మాఘమాసం. ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో కాలవ దాటితే మా ఊరు. సముద్రం కనపడదు గానీ తూర్పుగాలి తోలితే హోరు వినపడేది. మొలగొలుకుల వరి కోతకొచ్చి చేలన్నీ పసుప్పచ్చగా పండి వంగి ఉన్నాయి. మాకు మూడెకరాలు. నాయన చెంచురామయ్య, నాయన తల్లి ఆదిశేషమ్మ అవ్వ, పన్నెండేళ్ళ నేను, ఐదేళ్ళ తమ్ముడు పెంచలయ్య. ఇంతే మా ఇల్లు. అమ్మ తమ్ముడు పుట్టిన పదకొండో రోజున పోయింది.

అమ్మ పోయిన నెలకి నాయన గూడూరుకు నిమ్మకాయల బండి తోలుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు తువ్వాల్లో చుట్టి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. "ఇప్పుడిదొకటి తక్కువయిందా మనకి?" అని అవ్వ కేకలేసింది. "ఇంట్లో ఏడుపు తప్ప ఇంకో చప్పుడు ఉండాల గదమ్మా" అన్నాడు నాయన. ఒకే మేకపాలు, తమ్ముడికి ఉగ్గుగిన్నెతో, కుక్కపిల్లకి కొబ్బరిచిప్పలో, రెండూ నేనే పట్టాను. నాకప్పుడు ఏడేళ్ళు. పేరు సింగడని నేనే పెట్టాను. ఆ తర్వాత వాణ్ణి "అది" అనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.

వాడికి ఒకటే పని. పెంచలు కాలవ గట్టెక్కితే చాలు, వెనక నుంచి మొలతాడు పట్టుకుని లాగేవాడు. పెంచలు తిట్టేవాడు, కొట్టేవాడు, దొర్లి ఏడ్చేవాడు. సింగడు వదిలేవాడు కాదు. మొలతాడు తెగిపోయేది. మర్నాడు అవ్వ కొత్తది కడుతూ, "వీడికి ఏడాదికి ఆరు మొలతాళ్ళు గావాల, నా కొడుక్కి పుట్టినప్పటి నుంచి రెండే కట్టినాను" అని సణిగేది. సణుగుతూనే తన కంచంలో చేపముక్క సింగడికి వేసేది.

ఇంకో ప్రాణి దొరసాని, బూడిదరంగు పిల్లి. అది మా ఇంట్లో ఉంటున్నట్టు కాక, మమ్మల్ని తన ఇంట్లో ఉండనిస్తున్నట్టు తిరిగేది. మైపాడు నుంచి ఎండుచేపల తట్టతో పేరమ్మ వీధిలోకి రాగానే ఎదురుపోయేది. కిందటేడు వెనక పంచలో ఉన్న వడ్ల గాదె ఖాళీగా ఉంటే, అందులో మూడు పిల్లల్ని పెట్టింది. పెంచలు వాటికోసం గాదెలోకి దిగి సాయంత్రందాకా పైకి రాలేదు. ఊరంతా వెతికాం. చివరికి సింగడు గాదె మీద ముందుకాళ్ళు పెట్టి కుయ్యోమంటుంటే చూశాం. ఆరోజు ఎంత నవ్వుకున్నామో!

కోతలకు మూడు రోజుల ముందు, సాయంత్రం, నాయన పంచాయితీ రేడియో దగ్గర్నుంచి నడిచొచ్చాడు. మామూలుగా వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కునే మనిషి, ఆరోజు వాకిట్లోనే నిలబడ్డాడు.

"అమ్మా, టీకాల జీపు మనూరికి వస్తా ఉందంట. దేశమంతా ఒక్కమారే మొదలుపెట్టినారు. చిన్నా పెద్దా అందరికీ పొడుస్తారు. ఇంక కొన్నేండ్లు పోతే అమ్మవారు పోసేదనేదే ఉండదంట. రేడియోలో జెప్పినాడు."

అవ్వ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఉండకపోతే యాడికి పోతాదిరా? ఆమెకి ఇంకో పుట్టిల్లు ఏమన్నా ఉందా?"

"నవ్వులాట కాదుమ్మా. బిడ్డలిద్దరికీ పొడిపించాల."

అప్పుడు అవ్వ తల ఎత్తింది. ఆమెకు ఒక కన్నే కనపడేది. పసితనంలో అమ్మవారు పోసి, అదే మశూచి వచ్చి, రెండో కన్ను పోయింది, ముఖమంతా మచ్చలు. ఆమె కడుపున పుట్టిన ఐదుగురిలో ఇద్దరు అదే జబ్బుతో పోయారు. అమ్మవారి గురించి మా ఊళ్ళో ఎవరికి ఏం సందేహం వచ్చినా మా వాకిటికే వచ్చేవాళ్ళు.

"నేను వద్దన్నానా?" అంది అవ్వ. "పొడిపించు. కోతా నూర్పిడీ కానీ, మాసూళ్ళయినాక పొడిపించు."

"అప్పటిదాకా ఎందుకమ్మా?"

"పొడిచిన చోట ఏం లేస్తాదిరా? పొక్కే గదా? పొక్కంటే ఎవురు? చిన్నదై వచ్చినా ఆమె ఆమే. ఇంట్లో ఉన్నన్ని దినాలూ తాలింపు పెట్టగూడదు, చేప వండగూడదు, పరాయివాళ్ళకి అన్నం పెట్టగూడదు. మూడు దినాలు పోతే పదహారు మంది కోతగాళ్ళు మన పంచన తింటారు. వాళ్ళకి ఉప్పునీళ్ళు పోస్తావా? వడ్లు కళ్ళం మీదుండంగా ఆమెను పిలిచి, మర్యాద చెయ్యకపోతే ఊరుకుంటాదా? గింజ ఇల్లు చేరనీ. తీరిగ్గా పిలుద్దాం."

చదువుకున్నవాళ్ళు ఇది విని నవ్వుతారని తెలుసు. నవ్వకండి. మా అవ్వ టీకాకు భయపడలేదు, టీకాను పూర్తిగా నమ్మింది. నమ్మింది కాబట్టే, పెద్ద చుట్టం వస్తానంటే ఇల్లు సర్దుకుని పిలుద్దామన్నట్టు రోజు మార్చింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి అడిగితే వాళ్ళకీ అదే చెప్పింది. అందరి చేలూ కోతకొచ్చి ఉన్నాయి కాబట్టి అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. నాయన బుర్ర గోక్కుని, "సరే, మళ్ళా వస్తారేమో అడుగుతాలే" అని కొడవళ్ళు చూసుకోవడానికి పోయాడు. గింజ అప్పటికే రాలుతోంది.

జీపు కోతల రెండో రోజున వచ్చింది. నాయన చేలో ఉన్నాడు. వీధి మొదట్లో హారను వినపడగానే అవ్వ నన్ను పిలిచింది.

"మ్మే రాఘవా, నువ్వు గడ్డివామి ఎనక దూరు. నేను పిలిచిందాకా కదలగాకు. అబ్బోణ్ణి గాదెలో పెడతాను."

మా గాదె వెదురుతో అల్లి పేడతో మెత్తినది. మనిషెత్తు ఉండేది. కొత్తవడ్ల కోసం దులిపి, ఎండబెట్టి, వెనక పంచలో రాళ్ళ మీద నిలబెట్టారు. అవ్వ రోలెక్కి పెంచల్ని పైనుంచి లోపలికి దించింది. చేతిలో బెల్లంగడ్డ పెట్టింది.

"దొరసానిని గూడా ఇయ్యి" అన్నాడు పెంచలు లోపల్నుంచి.

"దొరసాని లేదు, దొరా లేదు. ఉలక్కుండా ఉంటే సాయంత్రం కళ్ళానికి తీసకపోతా" అని అవ్వ పైన చేట మూసేసింది.

మా వీధికి వచ్చినాయన పేరు హజరత్తయ్య. సన్నటి మనిషి, భుజాన ఖాకీ సంచీ, చంకలో పుస్తకం. అవ్వ వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, "పిల్లల్లేరు నాయనా. వాళ్ళ అమ్మమ్మగారింటికి బోగోలు పోయినారు" అంది. ఆయన సరేనని పుస్తకం తెరిచాడు. సరిగ్గా అప్పుడే సింగడు వచ్చాడు. నేరుగా వామి వెనక్కి వచ్చి నా ముందు నిలబడి తోక ఊపడం మొదలుపెట్టాడు. పో అన్నాను. ఇంకా గట్టిగా ఊపాడు. నా మోకాలి మీద కాలు వేశాడు.

హజరత్తయ్య వచ్చి తొంగి చూశాడు. "బోగోలు ఇంత దగ్గరికొచ్చిందా అవ్వా?" అని నవ్వాడు. అవ్వకు తలకొట్టేసినట్టయింది. కొంగు దులుపుకుని లోపలికి పోయింది.

ఆయన నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు. తడిగుడ్డతో తుడిచి, మందుచుక్క వేసి, చివర చిన్న చక్రంలాంటి పళ్ళబిళ్ళ ఉన్న పుడకను చర్మానికి ఆనించి గట్టిగా తిప్పాడు. ఒకసారి, ఇంకొంచెం కింద ఇంకోసారి. నాకు ప్రాణం పోయినట్టయింది. ఏడవకూడదనుకున్నాను గానీ కళ్ళవెంట నీళ్ళు వచ్చేశాయి. "అయిపోయింది తల్లీ. ఇంక ఆ రోగం నీ జోలికి రాదు" అన్నాడాయన. మంచిమనిషి. ఆయన మీద నాకు ఏనాడూ కోపం లేదు.

ఆ మాట అంటుండగానే సింగడు మమ్మల్ని వదిలి వెనక పంచలోకి పరుగెత్తాడు. గాదె మీద ముందుకాళ్ళు పెట్టి కుయ్యోమని మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి మా వంక చూస్తున్నాడు.

"ఏంది పాపా ఆ గాదెలో?" అన్నాడు హజరత్తయ్య. పుస్తకం చంకలో పెట్టుకుని రెండడుగులు అటు వేశాడు.

నా చెయ్యి మండిపోతోంది. పెంచలు ముల్లు గుచ్చుకుంటేనే రోజంతా నా నడుం దిగేవాడు కాదు. వాడి చెయ్యి నా రెండు వేళ్ళంత ఉంటుంది. ఆ పుడక దాని మీద తిరగడం నా కళ్ళకు కట్టింది. అవ్వ చెప్పమన్నదని కాదు, ఎవరూ నేర్పలేదు. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"మా పిల్లి పిల్లలు పెట్టిందండీ. మూడు. ఇంకా కండ్లు గూడా తెరవలేదు."

"అయితే కుక్కని కట్టేసుకో పాపా. చంపేస్తాది." ఆయన ఆగిపోయాడు. "ఇంట్లో ఇంకెవురన్నా బిడ్డలుండారా?"

"లేరండీ."

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. నేను నారతాడు తెచ్చి సింగణ్ణి పంచ స్తంభానికి కట్టేశాను. వాడు తాడు తెంపుకోవాలని చూశాడు, మెడ బిగిసి దగ్గాడు, అయినా ఆపలేదు. హజరత్తయ్య పక్కింటికి పోయాడు. గాదెలోంచి చిన్న చప్పుడైనా రాలేదు.

జీపు పోయాక రోలెక్కి చేట తీశాను. ముఖమంతా బెల్లం పూసుకుని, చెమటకు తడిసిపోయి, పెంచలు పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"నేను ఉలకలేదు గదక్కా?"

"లేదు నాయనా" అన్నాను. పైకి లాగి ముద్దు పెట్టుకున్నాను. వాణ్ణి కాపాడానని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

నాలుగో రోజుకి నా చెయ్యి వాచింది, పొక్కు లేచింది. అవ్వ అన్నంత పనీ చేసింది. మా ఇంట్లో తాలింపు మానేసింది. ఎదురింటి కామమ్మను బతిమాలి కోతగాళ్ళ వంట వాళ్ళింట్లో చేయించింది. నా తల దగ్గర వేపమండ పెట్టి, నాకు చద్దన్నం, పెరుగు పెట్టి, "చల్లంగా ఉండు తల్లీ, చల్లంగా పో తల్లీ" అనేది. నన్ను తిట్టడం మానేసింది. అన్నేళ్ళలో అవ్వ నాతో అంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడలేదు.

ఇదంతా చూసి పెంచలు ఓర్చుకోలేకపోయాడు. "నాకెప్పుడు పొడుస్తారు?" అని అవ్వ ప్రాణం తీశాడు. "మాసూళ్ళయినాక" అంది అవ్వ. వాడు ఆగలేదు. పొయ్యిలో బొగ్గు తెచ్చి తన ఎడమచేతి మీద రెండు చుక్కలు పెట్టుకున్నాడు. సింగణ్ణి పడుకోబెట్టి, వాడి ముందుకాలి మీదా రెండు పెట్టాడు. దొరసాని దొరకలేదు. ఆ బొగ్గుచుక్కలు చూపించుకుంటూ కళ్ళం దగ్గరికి పోయి, కోతగాళ్ళందరి ముందూ నిలబడ్డాడు. వాళ్ళు ఒకటే నవ్వు.

ఆ కోతగాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. పక్కచేలో కోస్తున్నవాళ్ళ పాపకు వారం పది రోజులుగా ఒంట్లో బాగాలేదని ఒకరోజు తెలిసింది. ముఖాన పొక్కులు లేస్తే, కూలి పోతుందని దాచారట. నాయన కొడవలి చేలోనే పారేసి, ఇందుకూరుపేటకు పరుగున పోయాడు. జీపు ఎక్కడో దూరపు ఊళ్ళ మీద తిరుగుతోందని, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పారట. మూడో రోజు పొద్దున నేను లేపబోతే పెంచలు ఒళ్ళు పెనంలా ఉంది.

అవ్వ వాడి ముఖం దగ్గరికి ఒంటికన్ను ఆనించి చూసింది. లేచిపోయి గుమ్మానికి వేపమండలు కట్టింది.

ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. చెప్పలేను కూడా. వాణ్ణి దగ్గరుండి చూసుకున్నది అవ్వా, నేనూ. ఆమెకు పసితనంలోనే వచ్చిపోయింది కాబట్టి మళ్ళీ రాదు. నాకు టీకా ఉంది కాబట్టి రాదు. వాడికి విసురుతూ నా చేతి మీద ఎండుతున్న పక్కును చూసుకునేదాన్ని. దాన్ని గోళ్ళతో పెరికి వాడికి అంటించగలిగితే బాగుండునని ఏవేవో పిచ్చి ఆలోచనలు వచ్చేవి.

అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడు గడప తొక్కిన జీవాన్ని దేన్నీ అదిలించకూడదని అవ్వ నియమం. అందుకని సింగణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. వాడు నులకమంచం కిందే ఉన్నాడు. పెంచలు కళ్ళు వాచి మూసుకుపోయాయి. చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి వేలాడేసి, "సింగడు యాడక్కా?" అనేవాడు. సింగడు తల పైకెత్తి ఆ చేతికింద పెట్టేవాడు. పొక్కులున్న చేతికి తగిలితే నొప్పి కదా, సింగడు తల కదిపేవాడు కాదు. గంటలు గంటలు అలాగే ఉండేవాడు. కామమ్మ తెచ్చిన పెరుగన్నాన్ని తాకలేదు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, పెంచలు కొంచెం తెలివిలోకి వచ్చి అడిగాడు.

"అక్కా, నాకు గూడా పొడిచేసినారా?"

ఒళ్ళంతా లేచిన పొక్కులను టీకా అనుకున్నాడు వాడు.

"పొడిచేసినారు నాయనా. ఇంక తగ్గిపోతాది" అన్నాను.

"నేను ఏడిచినానా?"

"లేదు. అస్సలు ఏడవలేదు."

పన్నెండో రోజు పొద్దెక్కాక పోయాడు. కళ్ళం మీద ఎడ్లు వరికుప్ప తొక్కుతున్నాయి. మంచం దగ్గర నేనే ఉన్నాను. సింగడు మంచం కింద నుంచి లేచి, వాకిట్లోకి పోయి ఎండలో పడుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

కాలవ అవతల సరుగుడుతోట పక్కన ఇసకలో పూడ్చారు. మర్నాడు నాయన కళ్ళానికి పోయాడు. వడ్లు తూర్పారబట్టాడు. పోకపోతే ఎట్లా, వడ్లు వానకు తడిస్తే ఎవరు తింటారు. అవ్వ మాత్రం ఒక్క నియమం తప్పలేదు. ఇల్లు అలికింది, వేపమండలు తీసింది, చద్దిముంత నెత్తిన పెట్టుకుని పొలిమేర దాకా పోయి, అమ్మవారిని చల్లగా సాగనంపి వచ్చింది. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంక మాట్లాడలేదు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, రెండు నెలలు. పిలిస్తే పలికేది కాదు. పెడితే తినేది. ఊళ్ళోవాళ్ళు ఆమె మనవడికి చేసిన సేవలో లోపమేదో జరిగిందని గుసగుసలాడుకున్నారు. ఇంకొందరు సూటిగానే అన్నారు, టీకాల జీపు వాకిట్లోకి వస్తే పోగొట్టుకుందని. అవన్నీ ఆమె చెవినపడుతూనే ఉన్నాయి. నేను పక్కనే ఉండి వింటూ ఊరుకున్నాను. నా గురించి ఎవరూ ఏమీ అనలేదు. పన్నెండేళ్ళ పిల్ల, తల్లిలా సేవ చేసిందని మెచ్చుకున్నారు.

వడ్లు ఇల్లు చేరాయి. ఆ ఏడు పంట బాగా పండింది. నాయన, కామమ్మ మొగుడు ఓబులేసు కలిసి గాదె నిండా వడ్లు పోసి, పైన గడ్డి పరిచి పేడతో మూసేశారు. మర్నాడు పొద్దున్నే సింగడు లేచొచ్చి గాదె మీద ముందుకాళ్ళు పెట్టాడు. కుయ్యోమని మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి నా వంక చూశాడు.

వాడి లెక్కలో పెంచలు ఇంకా అందులోనే ఉన్నాడు. వెతికిన ప్రతిసారీ దొరికింది అక్కడే కదా. రోజూ పొద్దున అదే వరస. కొట్టినా పోడు, కట్టేస్తే మెడ కోసుకుంటాడు. నేను వామి వెనక్కి పోయి చెవులు మూసుకునేదాన్ని. వారం రోజులు చూసి, ఒక మధ్యాహ్నం నాయన గాదె తెరిచి, వడ్లన్నీ గోతాల్లోకి ఎత్తి, వెదురుబుట్టను కాలవ గట్టుకు ఈడ్చుకుపోయి తగలబెట్టాడు. "అంత మంచి గాదె, నీకేమన్నా మతి పోయిందా అన్నా" అని ఓబులేసు అడిగితే, "పాతబడిపోయింది" అన్నాడు. ఆ మర్నాటి నుంచి సింగడు వెతకడం మానేశాడు. అన్నం తినడం మొదలుపెట్టాడు గానీ, కాలవ గట్టు మీద ఏ పిల్లాడు ఎక్కినా లేచి చూసేవాడు కాదు. దొరసాని మాత్రం మామూలుగానే ఉంది. వాళ్ళ జాతే అంత.

నాయన పంచాయితీ రేడియోలో విన్న మాట తర్వాత్తర్వాత నిజమే అయింది. ఆ ఏడు తర్వాత మా ఊళ్ళో అమ్మవారు పోసిన బిడ్డ ఒక్కరూ లేరు. కొన్నేళ్ళకు అటువంటి జబ్బొకటి ఉండేదని చెబితే పిల్లలు కథ అనుకునేదాకా వచ్చింది. అంత మంచి కబురు మన కాలంలో ఇంకోటి నేను వినలేదు. విన్నప్పుడల్లా సంతోషం వస్తుంది, వెనకే ఇంకోటి కూడా వస్తుంది.

వైశాఖంలో జీపు మళ్ళీ వచ్చింది. వీధి వీధంతా తలుపులు మూసుకుంది. మాసూళ్ళయినాక అన్నవాళ్ళే ఇప్పుడు ఇంకా భయపడ్డారు. అమ్మవారు ఊరిమీద కోపంగా ఉందని, ఇప్పుడు పిలిస్తే ఊరుకోదని అనుకున్నారు. హజరత్తయ్య మా వాకిట్లోకి వచ్చి పుస్తకం తిప్పి, నా పేరు చూసి, "ఈ ఇంట్లో అయిపోయింది" అని వెనక్కి తిరిగాడు. ఆయనకేం తెలుసు, పాపం.

"ఆగు నాయనా" అంది అవ్వ.

రెండు నెలల తర్వాత ఆమె గొంతు విన్నాను. గోడ పట్టుకుని లేచింది. నా భుజం మీద చెయ్యి వేసింది. "పద నాయనా. నేను వస్తా నీతో. ఎవురింట్లో ఎవురిని యాడ దాస్తారో నాకు తెలుసు."

తెలియక ఏం, దాచమని చెప్పింది ఆమే కదా. మొదట పోలేరయ్య ఇంటికి పోయాం. ఆయన భార్య అంకాలమ్మ తలుపు సందులోంచి, "పిల్లల్లేరు" అంది.

"నీళ్ళ తొట్టి ఎనక ఉండాడు. తీసుకరా" అంది అవ్వ.

అంకాలమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. ముఖం ఎర్రబడింది. "నువ్వే గదా పెద్దమ్మా, వడ్లు ఇల్లు చేరిందాకా వద్దన్నది? ఇప్పుడు నువ్వే వచ్చి..."

"నేనే అన్నా. అని ఏం బావుకున్నానో చూసినావు గదా. ఇంక నా మాట పట్టుకొని కూర్చోగాకు తల్లీ. బిడ్డని తీసుకరా."

అంకాలమ్మ అవ్వ ముఖం కేసి కాసేపు చూసి, లోపలికి పోయి కొడుకు రెక్క పట్టుకుని తెచ్చింది. వాడు గట్టిగా అరిచాడు. హజరత్తయ్య పుడక తిప్పాడు. ఆ ఇంట్లో ఇద్దరు, పక్కింట్లో ముగ్గురు, మలుపు దగ్గర ఇంట్లో ఇద్దరు కవలలు. అటకమీంచి, గంప కిందినుంచి, ఎడ్లకొట్టంలోంచి బయటికి తీశారు. వీధంతా పిల్లల ఏడుపు. సింగడు మా వెనకే వస్తున్నాడు. ఏడ్చే పిల్లలు వాణ్ణి చూసి ఏడుపు ఆపి, తల నిమిరేవాళ్ళు. వాడు నిమరనిచ్చేవాడు.

హజరత్తయ్య కవలల ఇంట్లో పుస్తకంలో రాసుకుంటుంటే, అవ్వా నేనూ బయట గోడనీడన నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. ఇంక ఆగలేకపోయాను. ఊరంతా ఈమెనే తిడుతోంది, ఈమె తల వంచుకుని పడుతోంది. నా సంగతి ఆమెకైనా తెలియాలి. కొడితే కొట్టనీ అనుకున్నాను.

"అవ్వా, ఆరోజు సింగడు గాదె దగ్గర చూపించినాడు. ఆయన అటు పోబోతా ఉంటే నేనే ఆపినాను. పిల్లి పిల్లలు పెట్టిందని చెప్పినాను. నువ్వు లోపలుండావు, నీకు తెలీదు. నేను చెప్పకపోయుంటే ఆయన చూసేవాడు. అబ్బోడు..."

అవ్వ నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. కనపడే కన్ను వీధి వైపే ఉంది.

"తెలుసు పాపా. తలుపు వారనే నిలబడుకోనుండాను. అంతా విన్నా."

నేను తల ఎత్తి చూశాను.

"పిల్లి అంటివి. మూడంటివి. కండ్లు తెరవలేదంటివి. నా మనవరాలికి ఎంత తెలివి పుట్టుకొచ్చిందిరా దేవుడా అని మురిసిపోయినా" అంది. "ఆ పొద్దు నువ్వు నిద్రపోయినాక నీకు దిష్టి గూడా తీసినా."

హజరత్తయ్య సంచీ సర్దుకుంటూ బయటికి వచ్చి, ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకెవురింట్లో ఉండారవ్వా?"

అవ్వ ఎదురుగా మూసి ఉన్న తలుపు దగ్గరికి నన్ను నడిపించింది. రెండుసార్లు తట్టింది. లోపల ఎవరో పసిబిడ్డ నోరు మూసినట్టుంది, ఏడుపు సగంలో ఆగిపోయింది.

"నేను, ఆదిశేషమ్మను" అంది అవ్వ. "తలుపు తియ్యండమ్మా."